కత్తి కట్టని పందెం

రెండు పుంజులు ఎదురెదురుగా కనబడితే చాలు, మా భీమవరం మనిషికి ఏది గెలుస్తుందన్న ప్రశ్న తప్ప వేరే ఆలోచన రాదు. డేగ మీద నెమలి నిలుస్తుందా, కాకి మీద సేతువ నిలుస్తుందా, ఏ తిథికి ఏ రంగు కలిసొస్తుంది అని కుక్కుటశాస్త్రం తిరగేసి చెప్పే పెద్దలు ఈ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. చట్టం ఒప్పుకోదు, కాని సంక్రాంతి మూడు రోజులూ ఆ చట్టం కూడా ఎక్కడికో చుట్టపుచూపుగా వెళ్ళినట్టుంటుంది. నేను బరి దగ్గరికి వెళ్ళేవాణ్ణి కాను. ఛందస్సు చెప్పుకునేవాడికి అక్కడ పనేమిటి? అయినా ఈ గాలి పీల్చినవాణ్ణి గనక, ఇద్దరు సమర్థులను ఒకచోట చూస్తే నా మనస్సూ ఆ దారినే పోతుంది.

ప్రస్తుతం మా ఇంట్లోనూ, మా కాలేజీ స్టాఫ్ రూములోనూ నలుగుతున్న జోడీ పుంజులది కాదు. చదరంగం కుర్రాళ్ళది. వరంగల్లు కుర్రాడు ఇరిగేశి అర్జున్ ఒకడు. చెన్నపట్నంలో పుట్టి పెరిగిన తెలుగింటి బిడ్డ దొమ్మరాజు గుకేశ్ ఒకడు. వీళ్ళిద్దరినీ కూర్చోబెట్టి, పది కాదు పన్నెండు కాదు, ఇరవైనాలుగు ఆటలు, పూర్వకాలం పద్ధతిలో రెండు నెలలపాటు తీరిగ్గా ఆడిస్తే ఎవరు గెలుస్తారు? అటువంటి పోటీ జరగలేదు. జరుగుతుందన్న కబురూ లేదు. అంచేతనే వాదనకు అంత బాగా పనికొస్తోంది.

తెలియనివారి కోసం రెండు ముక్కలు. అర్జున్ 2003 సెప్టెంబరులో పుట్టాడు. పదిహేనేళ్ళు నిండకుండానే గ్రాండ్ మాస్టరు అయ్యాడు. 2024 డిసెంబరు జాబితాలో అతని రేటింగు 2801. మన దేశంలో విశ్వనాథన్ ఆనంద్ తరువాత 2800 గీత దాటినవాడు అతనొక్కడే. గుకేశ్ 2006 మే నెలలో పుట్టాడు. అంటే మూడేళ్ళు చిన్న. పన్నెండేళ్ళ ఏడు నెలల వయస్సులో గ్రాండ్ మాస్టరు. 2024 డిసెంబరు 12న సింగపూరులో చైనావాడు డింగ్ లిరెన్‌ని ఓడించి, పద్దెనిమిదేళ్ళకే ప్రపంచ విజేత అయ్యాడు. అంతకు ముందు 1985లో కాస్పరోవ్ ఇరవైరెండేళ్ళకు గెలిస్తే అది ఆశ్చర్యంగా చెప్పుకున్నారు.

గుకేశ్ గెలిచినప్పుడు ఆంధ్ర ముఖ్యమంత్రి మన తెలుగు కుర్రాడని అభినందించారు. తమిళనాడు ముఖ్యమంత్రి ఐదు కోట్ల రూపాయలు ప్రకటించారు. ఎవరివాడన్న తగవు కొన్నాళ్ళు సాగింది గాని, మాటలు మనవీ మూటలు వారివీ అయినప్పుడు తగవులో మన గొంతు కొంచెం తగ్గించుకోవడం మర్యాద.

ఈ ఇద్దరూ ఒకే జట్టులో 2024 సెప్టెంబరులో బుడాపెస్టు ఒలింపియాడ్ ఆడారు. మనవాళ్ళు ఇరవైరెండు పాయింట్లకు ఇరవైయొక్కటి తెచ్చుకుని స్వర్ణం గెలిచారు. గుకేశ్ మొదటి బల్ల మీద పది ఆటలకు తొమ్మిది; అర్జున్ మూడో బల్ల మీద పదకొండు ఆటలకు పది. ఇద్దరికీ విడివిడిగా కూడా స్వర్ణాలు వచ్చాయి. ఒకడు ఆ వేదిక మీద మేటి ఆటగాళ్ళను ఆపి నిలబడ్డాడు, ఇంకొకడు ఎదురుపడ్డవాణ్ణల్లా ఊడ్చేశాడు. ఇద్దరి స్వభావాలూ నాకు అక్కడే కనిపించాయి.

ఇక వాదనలు. మా అమ్మాయి డిగ్రీ చదువుతున్నది. దాని పక్షం అర్జున్. "ముఖాముఖీ చూడు నాన్నా!" అంటుంది. చూడవలసిందే. 2025 ఫిబ్రవరి 2న హాలెండులోని వైకాన్‌జీ అనే సముద్రపుటొడ్డు ఊళ్ళో, చివరి రోజు ఆటలో అర్జున్ గుకేశ్‌ని ఓడించాడు. ప్రపంచ విజేత అయ్యాక గుకేశ్‌కి నిదానపు ఆటలో అదే తొలి ఓటమి. ఆ దెబ్బతో ఏకచ్ఛత్రంగా గెలవవలసిన పోటీ సమమైపోయి, టైబ్రేకులో ప్రజ్ఞానంద ఎగరేసుకుపోయాడు. అర్జున్‌కి అప్పటికి ఆ పోటీలో పోయేదీ లేదు, వచ్చేదీ లేదు. అయినా గెలిచేదాకా వదల్లేదు. ఆ ఏడు మే నెలాఖరున నార్వేలో మళ్ళీ అర్జునే గెలిచాడు. కాని అదే పోటీలో రెండోసారి ఎదురైనప్పుడు గుకేశ్ గెలిచాడు. అంతకు ముందాటలోనే కార్ల్‌సన్‌ని ఓడించి, ఆయన చేత బల్ల గుద్దించి మరీ వచ్చాడు. నిదానపు ఆటలో అర్జున్ మీద గుకేశ్‌కి అదే మొట్టమొదటి గెలుపు.

మా ఫిజిక్సు మాస్టారిది మరో దారి. ఆయనకు మనుషులతో నిమిత్తం లేదు, అంకెలుంటే చాలు. "మాస్టారూ, 2024 డిసెంబరులో ఒకడు 2801, ఒకడు 2783. తేడా పద్దెనిమిది. అంటే ఆటకు నూటికి యాభైరెండున్నర పాళ్ళు అర్జున్‌వి" అని కాగితం తీశారు. సగం ఆటలు డ్రా అవుతాయనుకుని లెక్క కట్టారు. పద్నాలుగు ఆటలైతే అర్జున్ గెలిచే అవకాశం నూటికి యాభైమూడు, ఇరవైనాలుగైతే యాభైఎనిమిది, నూరు ఆటలు ఆడిస్తే డెబ్బైఅయిదు. "పోటీ పొడుగయ్యేకొద్దీ అదృష్టం కరిగిపోయి, అసలు బలం తేలుతుంది. మీరు పొడుగు పోటీ అడుగుతూ గుకేశ్ అంటున్నారేమిటండీ? మీ కోరికే మీకు ఎదురు తిరుగుతోంది" అన్నారు.

లెక్కలో తప్పు లేదు. నాకు తెలిసిన అన్ని వాదనల్లోకీ అది గట్టిది. అందుకని రెండు రోజులు ఊరుకున్నాను.

ఊరుకున్నప్పుడు డింకీ పందెం గుర్తుకొచ్చింది. మన వైపు వారికి చెప్పనక్కర్లేదు, పైవారికి చెబుతాను. కత్తి కట్టిన పందెం నిమిషాల్లో తేలిపోతుంది. మంచి పుంజైనా సరే, ఒక్క వేటు తప్పిందా, అంతే సంగతులు. డింకీలో కత్తి ఉండదు. అవి కొట్టుకుంటూనే ఉంటాయి. అలుస్తాయి, ఆగుతాయి, మళ్ళీ లేస్తాయి. తొలి దెబ్బకు బెదిరిన పుంజు అరగంట పోయాక ఎదుటిదాని చాలు కనిపెట్టి మరో పుంజులా కొట్లాడుతుందని చూసినవాళ్ళు చెబుతారు. ఫిజిక్సు మాస్టారి కాగితంలో ఈ మరో పుంజుకి చోటు లేదు. నూరు ఆటలూ ఒకే మనిషి, ఒకే బలంతో, నాణెం ఎగరేసినట్టు ఆడతాడని ఆ లెక్క అనుకుంటుంది. పొడుగు పోటీ మనిషిని కొలిచి ఊరుకోదండీ, మారుస్తుంది కూడా.

దీనికి నా దగ్గర రెండు పాత సాక్ష్యాలున్నాయి. 1927లో బ్యూనస్ ఐరిస్‌లో కాపాబ్లాంకా, అలెఖైన్‌ల పోటీ జరిగింది. ఆరు ఆటలు ముందు ఎవరు గెలిస్తే వారిదే. అంతకు ముందు అలెఖైన్ కాపాబ్లాంకా మీద ఒక్క ఆటైనా గెలిచి ఎరగడు. ముఖాముఖీ చూడమనే మా అమ్మాయి ఆనాడుంటే ఏమనేదో మీరే ఊహించండి. ముప్ఫైనాలుగు ఆటలు సాగింది. అందులో ఇరవైఅయిదు డ్రాలు. చివరికి ఆరు–మూడుగా అలెఖైన్ గెలిచాడు.

రెండోది ఇంకా విచిత్రం. 1984 సెప్టెంబరులో మాస్కోలో కార్పోవ్, కాస్పరోవ్ కూర్చున్నారు. అదీ ఆరు గెలుపుల పందెమే. తొమ్మిది ఆటలయ్యేసరికి కార్పోవ్ నాలుగు గెలిచాడు, కాస్పరోవ్ సున్న. ఇరవైఏడో ఆటకు ఐదు–సున్న. ఇంకొక్కటి గెలిస్తే చాలు. ఆ ఒక్కటి రాలేదు! ఇరవైయొక్కేళ్ళ కుర్రవాడు డ్రా మీద డ్రా చేస్తూ, ఎదుటివాడి ఆటంతా వాడి దగ్గరే కూర్చుని చదువుకున్నాడు. తరువాత తాను మూడు గెలిచాడు. చలికాలం వచ్చింది. కార్పోవ్ చిక్కి సగమయ్యాడు. నలభైఎనిమిది ఆటలు, నలభై డ్రాలు అయ్యాక, 1985 ఫిబ్రవరి 15న అధ్యక్షుడు కాంపొమానెస్ పోటీనే ఆపేశారు. ఆ ఏడే ఇరవైనాలుగు ఆటలతో కొత్త పోటీ పెడితే కాస్పరోవ్ 13–11తో గెలిచాడు. మొదటి తొమ్మిది ఆటలు చూసి లెక్క కట్టిన మాస్టార్లు మాస్కోలోనూ ఉండే ఉంటారు.

నా చదువుకు దగ్గరి పోలిక ఒకటి చెప్పకుండా ఉండలేను. అష్టావధానంలో పూర్వం చదరంగం కూడా ఒక అంశం. ఒక చెవి సమస్యకు, ఒక చెవి దత్తపదికి ఇచ్చి, మధ్యలో బంటు జరపవలసిందే. తిరుపతి వేంకట కవుల్లో తిరుపతిశాస్త్రిగారిది మన పక్కనున్న యండగండి. వారికీ కొప్పరపు సోదర కవులకూ ఎవరు గొప్ప అన్న వాదం ఆ రోజుల్లో ఆంధ్రదేశాన్ని రెండు పక్షాలు చేసింది. ఆశువు ధాటిలో కొప్పరపు వారిది మెరుపు వేగం. సరే, ఆ తగవు నేను తీర్చను. కాని అష్టావధానం ఒక పూటలో అయిపోయే పని. శతావధానం రోజుల తరబడి సాగుతుంది. అష్టావధానంలో మెరిసినవారందరూ శతావధానం జోలికి పోలేదు. అక్కడ పద్యం చెప్పడంతో పని తీరదు. నూరుగురు అడిగినదీ మోసుకుంటూ చివరి రోజున ధారణ చెయ్యాలి. చదరంగం పొడుగు పోటీలోనూ మోత ఉన్నది, కాకపోతే తిరగబడి ఉన్నది. అవధాని మరచిపోకూడదు, ఆటగాడు మరచిపోగలగాలి. నిన్నటి ఓటమి ఇవాళ బల్ల మీదికి వచ్చి కూర్చోకూడదు.

సింగపూరులో గుకేశ్ చేసింది అదే. తొలి ఆట తెల్లపావులతో ఆడి ఓడిపోయాడు. మూడో ఆటలో అప్పు తీర్చాడు. ఆ తరువాత ఏడు డ్రాలు వరుసగా. సులువుగా చేతులు కలుపుకుని పోగల చోట కూడా ఒకసారి ఆట సాగనిచ్చాడు. గెలుపుకోసం కంటె, ఎదుటివాణ్ణి ఇంకో గంట కూర్చోబెట్టడం కోసమేమో అనిపించింది నాకు. పదకొండో ఆట గెలిచాడు. మర్నాడే పన్నెండో ఆట చిత్తుగా ఓడాడు. పద్దెనిమిదేళ్ళవాడు, లోకమంతా చూస్తుండగా, గెలుపు చేతికి వచ్చి జారిపోయిన రాత్రి ఎలా నిద్రపోయాడో! ఒక్క రోజు విరామం. పదమూడు డ్రా. పద్నాలుగో ఆటలో అతనికి ఒక బంటు ఎక్కువ, అంతే. అందరూ డ్రా అన్నారు. నాలుగు గంటలు దాటినా వదలకుండా కూర్చున్నాడు. యాభైఅయిదో ఎత్తులో డింగ్ ఏనుగును జరపకూడని గడిలోకి జరిపాడు. అదృష్టమన్నారు కొందరు. మాజీ విజేతలు కూడా పెదవి విరిచారు. అయితే ఆ అదృష్టం మూడు వారాలు కూర్చున్నవాడి దగ్గరికి వచ్చింది గాని, మొదటి గంటలో లేచిపోయినవాడి దగ్గరికి రాలేదు గదా.

అర్జున్ ఆ కుర్చీలో కూర్చున్నదే లేదు. అతనికి నేను అన్యాయం చేస్తున్నానేమో అన్న శంక నాకు ఉన్నది ఇక్కడే. 2023లో బాకూ ప్రపంచ కప్పులో ప్రజ్ఞానంద చేతిలో టైబ్రేకు టైబ్రేకుగా సాగి ఓడాడు. 2025 నవంబరులో గోవా ప్రపంచ కప్పులో క్వార్టర్ ఫైనలు దాకా వెళ్ళి, చైనావాడు వెయ్ యీ చేతిలో మళ్ళీ టైబ్రేకులోనే ఓడాడు. ఒక్క అడుగు అవతల కాండిడేట్సు, దాని అవతల ప్రపంచ పోటీ. ఆ అడుగు పడలేదు. అంతటి ఆశాభంగం తరువాత ఇంకొకడైతే నాలుగు నెలలు ముసుగు తన్ని పడుకునేవాడు. అర్జున్ మర్నెల దోహా వెళ్ళి, ప్రపంచ రాపిడ్ పోటీలోనూ, మూడు నిమిషాల బ్లిట్జ్ పోటీలోనూ కూడా కంచు పతకాలు తెచ్చాడు. మరచిపోవడం అతనికీ తెలుసునని మా అమ్మాయి వాదన. కాదనలేను. కాని ఓటమి మరచి ఇంకో ఊరు వెళ్ళి ఇంకొకరితో ఆడటం వేరు. ఓడించినవాడి ఎదుటే, అదే బల్ల దగ్గర, మర్నాడు మూడింటికి కూర్చోవడం వేరు.

గుకేశ్ మాత్రం తక్కువ పడ్డాడా? 2025 అతనికి మంచి ఏడు కాదు. సెప్టెంబరులో సమర్కందులో వరుసగా మూడు ఆటలు ఓడాడు. గోవాలో మూడో రౌండులోనే ఇంటిదారి పట్టాడు. త్వరత్వరగా ఆడే ఆటల్లో అర్జున్ ముందు అతను తేలికే. కత్తి పందెమైతే నేనూ నా పదిరూపాయలూ అర్జున్ మీదే వేస్తాను. దానికి లెక్కలు కూడా అక్కర్లేదు.

ఇద్దరి తండ్రులూ వైద్యులే. గుకేశ్ తండ్రి కొడుకు వెంట దేశాలు తిరగడానికి ప్రాక్టీసు పక్కన పెట్టారు. ఇల్లు తల్లి జీతం మీద నడిచింది. పిల్లవాడికి నాలుగో తరగతి తరువాత రోజూ బడికి పోయే చదువు లేదు. గెలిచాడు గనక మనం దీన్ని త్యాగమని చెప్పుకుంటున్నాం. పదో తరగతి మార్కులకే వణికే మన ఇళ్ళల్లో ఎవరైనా ఈ పని చేస్తే, గెలిచే ముందు దానికి పెట్టే పేరు వేరు. ఇది విని మా ఆవిడ, "ఆ పిల్లల మాట సరే, ఆ తల్లి ఆ మూడు వారాలూ ఏం తిన్నదో ఎవరైనా రాశారా?" అన్నది. ఎవరూ రాయలేదు.

ఇక నా ఊహలో పోటీ ఇలా నడుస్తుంది. మొదటి ఆరు ఆటల్లో అర్జున్ రెండు గెలుస్తాడు. ఒకటి కచ్చితంగా నల్లపావులతో. ప్రమాదం వెతుక్కుంటూ వెళ్ళడం అతని నైజం, గుకేశ్‌కి కుదురుకోవడానికి వ్యవధి కావాలి. ఫిజిక్సు మాస్టారు స్టాఫ్ రూములో టీలు పోయిస్తారు. ఏడు నుంచి పదమూడు దాకా డ్రాలు. చూసేవాళ్ళు విసుక్కుంటారు. కాని గుకేశ్ ఒక్కొక్క డ్రాలో ఎదుటివాడి ఇష్టమైన దారి ఒక్కొక్కటి మూసేస్తుంటాడు. అర్జున్‌కి డ్రా సరిపడదు. ఎవరి మీదైనా గెలుపుకే ఆడి పెరిగినవాడు అతను. 2800 దాకా ఎక్కింది అలా ఆడే. పద్నాలుగో ఆటలోనో పదిహేనో ఆటలోనో, లేని గెలుపు కోసం ఒక బంటు ఎక్కువ ముందుకు తోస్తాడు. అక్కడ ఒకటి పోతుంది. పంతొమ్మిదిలో ఇంకొకటి. ఇరవైరెండో ఆట ఆరు గంటలు సాగుతుంది. గుకేశ్ 12½, అర్జున్ 11½. పన్నెండు ఆటలకే ఆపితే అర్జున్ గెలుస్తాడు. అది కూడా రాసి సంతకం పెడతాను.

మాస్టారు ఒప్పుకోలేదు. నూరు ఆటలు పెట్టమంటారు. నూరు ఆటలకు ఇద్దరూ పెళ్ళిళ్ళయి పిల్లలతో వస్తారన్నాను. మా అమ్మాయి పన్నెండు మీద ఉన్నది. బేరాలాడి ఇరవైనాలుగుకి దించాను గాని, మొదటి ఆటకు తెల్లపావులు అర్జున్‌కి ఇవ్వాలని అది పట్టుపట్టింది. ఇచ్చాను.